మూడో పెడల్‌లో ఏముంది? డీసీటీల కాలంలో మాన్యువల్ పెర్ఫార్మెన్స్ కారు ఎందుకు నడపాలి

స్పెక్ షీట్ చూసి తీర్పు చెప్పేయాలంటే ఈ ఆర్టికల్ ఇక్కడే ముగించొచ్చు. ఒకే కారు, ఒకే ఇంజన్. ఒకదానికి మాన్యువల్ గేర్‌బాక్స్, ఇంకోదానికి డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అంటే డీసీటీ. రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిగెత్తిస్తే చాలాసార్లు డీసీటీనే ముందుంటుంది. దాంట్లో తర్వాతి గేరు ముందే రెడీగా ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది. మనం ఎడమ కాలు నొక్కి, లివర్ లాగి, మళ్ళీ కాలు వదిలేలోపు అది పని ముగించేస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో సుఖం కూడా దాంట్లోనే.

మరి ఫోన్లు, గ్యాడ్జెట్లు చూసే మన సైట్‌లో మాన్యువల్ కారు గురించి ఎందుకు? ఒక మంచి ఫోన్ కెమెరాలో ఆటో మోడ్ ఎంత బాగున్నా, కొంతమంది ప్రో మోడ్ ఓపెన్ చేసి షట్టర్, ఐఎస్ఓ చేత్తో సెట్ చేసుకుంటారు కదా. వాళ్ళకి కావాల్సింది ఫొటో ఒక్కటే కాదు. ఆ ఫొటో ఎలా వచ్చిందో వాళ్ళకి తెలియాలి. మాన్యువల్ కారు కూడా అంతే. దాని థ్రిల్ స్పీడులో లేదు, నిర్ణయం మనది, టైమింగ్ మనది కావడంలో ఉంది. అందుకే అది గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కూడా దొరుకుతుంది. ట్రాక్ అక్కర్లేదు, మా చిప్పగిరి నుంచి ఆలూరు పోయే రోడ్డు చాలు.

సమస్య ఏంటంటే, ఆ ప్రో మోడ్ ఉన్న కార్లు ఒక్కొక్కటిగా లిస్టులోంచి మాయమవుతున్నాయి.

పెనుకొండలో తయారైన ప్రయోగం

ముందు కొంచెం హిస్టరీ. మన దేశంలో ఆటోమేటిక్ అంటే ఒకప్పుడు ఖరీదైన కార్ల సరదా. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో ఆ లెక్క మారింది. మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్ మీదే క్లచ్ నొక్కడానికి, గేరు మార్చడానికి హైడ్రాలిక్ యాక్చుయేటర్లు పెట్టి, రెండు పెడల్స్‌తో తక్కువ ధరకి అమ్మారు. జనాలకి నచ్చింది. ఆ తర్వాత చిన్న కార్లలో కూడా ఎడమ కాలికి పని తగ్గడం మొదలైంది.

మాకు దగ్గర్లో జరిగిన కథ ఇంకా ఇంట్రెస్టింగ్. చిప్పగిరి నుంచి గుంతకల్లు, అనంతపురం దాటి 44వ నంబర్ హైవే మీద బెంగళూరు వైపు పోతే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వస్తుంది. 2019లో సెల్టోస్, 2020లో సోనెట్ అక్కడి నుంచే బయటికి వచ్చాయి. సోనెట్ 1.0 లీటర్ టర్బో ఇంజన్‌కి ఐఎంటీ అనే గేర్‌బాక్స్ ఇచ్చారు. అదే గ్రూపులోని హ్యుందాయ్ కొన్ని వారాల ముందే, 2020 జులైలో, వెన్యూలో దాన్ని తీసుకొచ్చింది. ఇందులో గేరు మనమే మారుస్తాం, కానీ క్లచ్ పెడల్ ఉండదు.

పనిచేసే తీరు మన రీడర్లకి నచ్చుతుంది. లివర్ మీద ఇంటెన్షన్ సెన్సర్ ఉంటుంది. మనం లివర్ కదిలించబోతున్నామని అది గమనించి ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ యూనిట్‌కి చెబుతుంది. ఆ యూనిట్ హైడ్రాలిక్ యాక్చుయేటర్‌కి ఆర్డర్ వేస్తుంది, ఆయిల్ ప్రెషర్‌తో క్లచ్ తెరుచుకుంటుంది. మనం గేరు వేయగానే మళ్ళీ మూసుకుంటుంది. అంటే చెయ్యి మనది, కాలు సాఫ్ట్‌వేర్‌ది.

ట్రాఫిక్‌లో ఇది మంచి ఆలోచనే. కానీ పెర్ఫార్మెన్స్ కార్ల దగ్గరికి వచ్చేసరికి కథ వేరేగా నడిచింది. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో మొదట ఐఎంటీ, డీసీటీ మాత్రమే ఉండేవి. 2023 ఫేస్‌లిఫ్ట్‌లో ఐఎంటీ తీసేసి మామూలు 6 స్పీడ్ మాన్యువల్ పెట్టారు. పోయిన పెడల్ తిరిగొచ్చింది! అదే ఏడాది 160 పీఎస్ 1.5 లీటర్ టర్బో ఇంజన్ వచ్చింది. హ్యుందాయ్ వెర్నాలో దానికి మూడు పెడల్స్ ఉన్న 6 స్పీడ్ మాన్యువల్ ఇచ్చారు, కియా సెల్టోస్‌లో ఐఎంటీ ఇచ్చారు. రెండింటికీ డీసీటీ ఆప్షన్ ఉంది. ఒకే ఇంజన్‌కి మూడు రకాల కంట్రోల్ ఇంటర్‌ఫేస్‌లన్నమాట. దేన్ని తీసేస్తే ఏం పోతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు.

ఆ పెడల్ కింద జరిగేది ఇదీ

ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది. గేర్‌బాక్స్ అవతల చక్రాలు వాటి స్పీడులో తిరుగుతుంటాయి. మధ్యలో క్లచ్ ప్లేట్ ఉంటుంది. పెడల్ నొక్కితే ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగిపోతుంది, వదిలితే కలుస్తుంది. తెగినది కలిసే ఆ చిన్న గ్యాప్‌నే బైట్ పాయింట్ అంటాం. అది పెడల్ కదలికలో కొన్ని సెంటీమీటర్లు కూడా ఉండదు. మంచి డ్రైవర్‌కీ మామూలు డ్రైవర్‌కీ తేడా ఆ కొద్ది దూరంలోనే తెలుస్తుంది.

గేర్‌బాక్స్ లోపల సింక్రోమెష్ అని ఇంకో ఏర్పాటు ఉంటుంది. మనం వేయబోయే గేరు స్పీడునీ, షాఫ్ట్ స్పీడునీ చిన్న రింగుల రాపిడితో సమానం చేసి, పళ్ళు గర్రుమనకుండా కలిసేలా చేస్తుంది. అయితే అది చూసుకునేది గేర్‌బాక్స్ లోపలి స్పీడునే. ఇంజన్ స్పీడుని సరిచేసే బాధ్యత డ్రైవర్‌దే. ఇక్కడే స్కిల్ మొదలవుతుంది.

రెవ్ మ్యాచింగ్: చిన్న లెక్క, పెద్ద సుఖం

ఒక ఉదాహరణ చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక గేర్‌బాక్స్‌లో 4వ గేరు రేషియో 1.0, 3వది 1.4, 2వది 2.0 అనుకోండి. మీరు 4వ గేరులో 2,500 ఆర్పీఎం దగ్గర పోతున్నారు, ముందు మలుపు ఉంది, 3వ గేరు కావాలి. బండి స్పీడు మారకపోతే 3వ గేరులో ఇంజన్ ఎంత తిరగాలి? 2,500ని 1.4తో గుణిస్తే 3,500. అంటే గేరు మారే అర సెకనులో ఇంజన్ వెయ్యి ఆర్పీఎం పైకి ఎక్కాలి.

మీరేమీ చేయకుండా క్లచ్ వదిలేస్తే ఆ వెయ్యి ఆర్పీఎంని చక్రాలే బలవంతంగా పైకి లాగుతాయి. బండి ముందుకి ఊగుతుంది, పక్కన కూర్చున్నవాళ్ళ తల డ్యాష్‌బోర్డ్ వైపు వంగుతుంది, క్లచ్ ప్లేట్ అరుగుతుంది. తడిరోడ్డు మీద, మలుపులో అయితే చక్రాలు పట్టు కూడా కోల్పోవచ్చు. అదే క్లచ్ తొక్కి ఉన్నప్పుడు కుడికాలితో యాక్సిలరేటర్ ఒక్క తట్టు తట్టి, ఇంజన్ సుమారు 3,500 దగ్గర ఉండగా క్లచ్ వదిలితే? ఏమీ జరగదు. ఆ 'ఏమీ జరగకపోవడమే' రెవ్ మ్యాచింగ్. గేరు మారిందని చెవికి తెలుస్తుంది, ఒంటికి తెలియదు.

మొదటిసారి అది కుదిరినప్పుడు వచ్చే ఆనందం, కంపైల్ అవ్వదనుకున్న కోడ్ ఒక్కసారికే రన్ అయినప్పటి ఆనందంలాంటిది. తేడా ఏంటంటే ఇక్కడ ప్రతి మలుపుకీ కొత్తగా కుదరాలి. కాపీ పేస్ట్ లేదు.

ఇదేదో యూట్యూబ్ చూసి నేర్చుకున్న ఫారిన్ విద్య అనుకోకండి. సింక్రోమెష్ లేని పాత లారీలు నడిపిన డ్రైవర్లకి ఇది రోజువారీ పని. ఆదోని నుంచి పత్తి లోడు లారీలు తోలిన మా మామ దీన్ని 'డబుల్ క్లచ్' అంటాడు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ ఒకసారి తొక్కాలి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. లెక్క తప్పితే గేరు పడదు. ఘాట్ దిగేటప్పుడు గేరు పడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆర్పీఎం మీటర్ చూసుకుంటూ నేను చేసే డౌన్‌షిఫ్ట్‌లు చూసి ఆయన ఒకే మాట అన్నాడు: "మీటరు చూస్తా ఉంటే రోడ్డు ఎవరు చూస్తారు అల్లుడా? గేరు చెవితో మార్చల్ల. ఇంజన్ గొంతు, బండి స్పీడు కలిసినాయంటే లివరు దానంతట అదే పోతాది."

పది వీడియోలు చెప్పని పాయింట్ అది. ఆర్పీఎం మీటర్ నేర్చుకునేదాకానే. తర్వాత సెన్సర్ మన చెవే.

హీల్ అండ్ టో: ఒకే కాలు, రెండు పెడల్స్

రెవ్ మ్యాచింగ్‌లో ఒక చిక్కు ఉంది. మలుపు ముందు బ్రేక్ మీద ఉండాల్సిన కుడికాలే యాక్సిలరేటర్ కూడా తట్టాలి. దీనికి రేసర్లు కనిపెట్టిన పద్ధతి హీల్ అండ్ టో. పేరులో మడమ ఉన్నా, ఇప్పటి కార్లలో చాలామంది పాదం ఎడమ సగంతో బ్రేక్ నొక్కుతూ, కుడి అంచుతో యాక్సిలరేటర్‌ని తడతారు. ఈ అర సెకనులో ఎడమ కాలు క్లచ్ మీద, ఎడమ చెయ్యి లివర్ మీద, కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఉంటాయి. మెదడుకి ఇంకో యాప్ ఓపెన్ చేసే ఖాళీ ఉండదు. నోటిఫికేషన్ వచ్చినా తెలియదు. నా వరకు మాన్యువల్‌లో ఉన్న అసలు లగ్జరీ అదే.

ఈ పనిని కూడా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్ మాన్యువల్‌లో మనం గేరు కిందికి మారుస్తుంటే ఇంజన్ తనంతట తానే ఆర్పీఎం సరిచూసుకునే సిస్టమ్ మొదటిసారి వచ్చింది. టొయోటా జీఆర్ కరోలాలో కూడా అలాంటిదే ఉంది. దాని పేరు కూడా ఐఎంటీనే, కానీ దాంట్లో క్లచ్ పెడల్ ఉంటుంది. ఒకే పేరు, రెండు వేర్వేరు టెక్నాలజీలు, కాబట్టి రివ్యూలు చదివేటప్పుడు కన్ఫ్యూజ్ అవ్వకండి. టొయోటా ఐఎంటీ ఆప్షన్‌ని ఆఫ్ చేసుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళు ఆఫ్ చేసుకోవడమే మంచిది.

ఆలూరు రోడ్డు మీద తేలిన విషయం

ఫ్రెండ్ దగ్గర ఒక 6 స్పీడ్ మాన్యువల్ టర్బో హ్యాచ్‌బ్యాక్ ఉంది. దాన్ని తీసుకుని గుంతకల్లు, చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు దాకా ఒక ఆదివారం పొద్దున నడిపాను. ఈ ప్రాంతం తెలియనివాళ్ళకి: చుట్టూ నల్లరేగడి, చదునైన భూమి, ఘాట్‌లు లేవు. పెర్ఫార్మెన్స్ కారుకి ఇక్కడేం పని అనిపిస్తుంది. నాకూ మొదట అదే అనిపించింది.

పని ఓవర్‌టేక్ దగ్గర తెలిసింది. ముందు పత్తి లోడు లారీ. లోడు బాడీకి రెండువైపులా పొంగి ఉంది, ముందేముందో కనిపించదు. నేను 5వ గేరులో 60 దగ్గర ఉన్నాను, ఆర్పీఎం 1,600 చుట్టూ. ఇక్కడ టర్బో ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. ఆటోమేటిక్ అయితే ఖాళీ కనిపించాక యాక్సిలరేటర్ తొక్కుతాం, అప్పుడు అది విషయం గ్రహించి గేర్లు దించుతుంది. 60 వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. అది ఒక సెకను ఆలోచించిందంటే ఆ 17 మీటర్లు దాని ఆలోచన ఖాతాలోకే.

మాన్యువల్‌లో నేను రోడ్డు కొంచెం వంపు తిరగడం చూసి, ఇంకాసేపట్లో అవతలి వైపు కనిపిస్తుందని ఊహించి, ఖాళీ రాకముందే 3వ గేరులోకి దిగి 2,800 దగ్గర ఇంజన్‌ని రెడీగా పెట్టుకున్నాను. రోడ్డు ఖాళీగా కనిపించిన క్షణంలో టర్బో అప్పటికే పనిలో ఉంది. కనిపించకపోయి ఉంటే? మళ్ళీ 5వ గేరు, లారీ వెనకే ప్రయాణం, నష్టం ఏమీ లేదు.

నా దృష్టిలో మొత్తం తేడా ఇదే. ఆటోమేటిక్ ఎక్కువగా జరిగిన దానికి స్పందిస్తుంది, మనిషి జరగబోయేదాన్ని ఊహిస్తాడు. ఈ గ్యాప్ కారు కంపెనీలకీ తెలుసు. 2013 రోల్స్ రాయిస్ రైత్‌లో జీపీఎస్ ద్వారా ముందున్న మలుపు తెలుసుకుని గేరు ముందే ఎంచుకునే సిస్టమ్ పెట్టారు. కానీ ముందున్న లారీ డ్రైవర్ ఏ వైపు జరుగుతున్నాడో, రోడ్డు మీద జొన్నలు ఆరబోసిన చోటు ఎక్కడ మొదలవుతుందో, గొర్రెల మంద కాపరి చెయ్యి ఎందుకు ఎత్తాడో ఆ మ్యాప్‌లో ఉండదు.

ఇది చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. మా రోడ్ల మీద చీకటి పడితే టెయిల్ ల్యాంప్ లేని ట్రాక్టర్ ట్రాలీలు ఉంటాయి. పైన చెప్పినదంతా స్పీడ్ లిమిట్ లోపల జరిగే ఆనందమే. లిమిట్ దాటితేనే వచ్చే థ్రిల్ కావాలంటే దానికి వేరే చోట్లున్నాయి: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్. ట్రాక్ డే అనౌన్స్ చేసినప్పుడు సొంత కారుతోనే వెళ్ళొచ్చు, హెల్మెట్ తప్పనిసరి.

మన బడ్జెట్‌లో మూడు పెడల్స్ ఉన్న కార్లు

'పెర్ఫార్మెన్స్ కారు' అంటే కోట్ల రూపాయల పోర్షేనే కానక్కర్లేదు. ఇటీవల మన మార్కెట్‌లోకి మాన్యువల్‌తో వచ్చినవాటిలో నా లిస్టు ఇది:

- హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (2023 తర్వాతది): 1.0 టర్బో, 120 పీఎస్, 172 ఎన్ఎం. చిన్న కారు, నేర్చుకోవడానికి సరైన సైజు.
- టాటా ఆల్ట్రోజ్ రేసర్ (2024): 1.2 టర్బో, 120 పీఎస్, 170 ఎన్ఎం. వచ్చింది మాన్యువల్‌తో మాత్రమే.
- హ్యుందాయ్ వెర్నా టర్బో (2023), క్రెటా ఎన్ లైన్ (2024): 1.5 టర్బో, 160 పీఎస్, 253 ఎన్ఎం.
- ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా 1.5 టీఎస్ఐ: 150 పీఎస్, 250 ఎన్ఎం. వర్టస్ జీటీ 2022లో ఆటోమేటిక్‌తోనే వచ్చింది, మాన్యువల్ 2023లో చేరింది.
- హోండా సిటీ 1.5: టర్బో లేదు, 121 పీఎస్, 145 ఎన్ఎం. కానీ ఆర్పీఎం పెరిగేకొద్దీ పవర్ సాఫీగా పెరుగుతుంది కాబట్టి రెవ్ మ్యాచింగ్ నేర్చుకోవడానికి మంచి టీచర్.

సెకండ్ హ్యాండ్‌లో వెతికేవాళ్ళకి 2015లో వచ్చిన అబార్త్ పుంటో (145 పీఎస్, 212 ఎన్ఎం), 2020 తర్వాతి పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ (110 పీఎస్, 175 ఎన్ఎం) ఉన్నాయి. పుంటోకి స్పేర్ పార్ట్స్ ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. కొత్త కార్లలో మాన్యువల్ వేరియంట్లు చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంటాయి, కాబట్టి షోరూమ్‌కి పోయే ముందు ఫోన్ చేసి అడగండి.

టెస్ట్ డ్రైవ్‌లో టచ్‌స్క్రీన్ సైజు తర్వాత చూడొచ్చు. ముందు ఈ నాలుగూ చూడండి:

1. బైట్ పాయింట్ ఎక్కడుంది? పెడల్ మరీ పైకి వచ్చాక పట్టుకుంటుంటే సెకండ్ హ్యాండ్ కారులో క్లచ్ ప్లేట్ అరిగి ఉండొచ్చు.
2. బ్రేక్ నొక్కి ఉంచి యాక్సిలరేటర్ తట్టడానికి పాదం అందుతోందా? రెండు పెడల్స్ మధ్య ఎత్తు తేడా ఎక్కువైతే హీల్ అండ్ టో కష్టం.
3. రెవ్ హ్యాంగ్ ఉందా? క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదిలినా కొన్ని కార్లలో ఆర్పీఎం వెంటనే పడదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ దాన్ని నెమ్మదిగా మూస్తుంది, పొగలోని కాలుష్యం తగ్గించడం దానికి ఒక కారణం. అప్‌షిఫ్ట్‌లో చిరాకు తెప్పిస్తుంది.
4. లివర్ 3 నుంచి 2కి వేలితో తోసినట్టు పోతోందా, వెతుక్కోవాల్సి వస్తోందా?

నేర్చుకోవడం కూడా ఒక వరుసలో చేయండి. ఖాళీ గ్రౌండ్‌లో యాక్సిలరేటర్ తాకకుండా క్లచ్ ఒక్కదానితోనే బండి కదిలించడం మొదటి పాఠం. తర్వాత బ్రేక్ లేకుండా 4 నుంచి 3కి రెవ్ మ్యాచింగ్. అది ఒంటికి అలవాటయ్యాకే హీల్ అండ్ టో. నడుపుతున్నప్పుడు ఎడమ పాదం క్లచ్ మీద ఆనించి ఉంచకండి, చెయ్యి లివర్ మీద వాల్చకండి. రెండూ సామాన్లని తొందరగా తినేస్తాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేరే గేర్లని నటిస్తోంది

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లకి గేర్లు మార్చే పనే లేదు, ఒకటే గేరు. ఎలక్ట్రిక్ మోటార్‌కి సున్నా నుంచే టార్క్ ఉంటుంది కాబట్టి గేర్ల అవసరం తక్కువ. ఈవీలు పెరిగేకొద్దీ క్లచ్ ముచ్చట ముగిసిపోతుందనే అనుకున్నారు.

కానీ అదే ఏడాది హ్యుందాయ్ ఐయోనిక్ 5 ఎన్ వచ్చింది. లేని 8 గేర్లు ఉన్నట్టు, షిఫ్ట్ దగ్గర కుదుపు వచ్చినట్టు సాఫ్ట్‌వేర్ నటిస్తుంది. ఇంకో పక్క లెక్సస్ క్లచ్ పెడల్, గేర్ లివర్ పెట్టిన ఎలక్ట్రిక్ ప్రోటోటైప్‌ని జర్నలిస్టులతో నడిపించింది. పోర్షే 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్‌తో మాత్రమే తెచ్చి, 2017లో మాన్యువల్‌ని వెనక్కి తీసుకొచ్చింది. కంపెనీలు తీసేసిన ఫీచర్‌ని ఇంత కష్టపడి మళ్ళీ తెస్తున్నాయంటే, దానికి విలువ ఉందని వాళ్ళ డబ్బుతో వాళ్ళే ఒప్పుకుంటున్నట్టు.

ఇక నా తీర్పు. రోజూ రెండు గంటలు సిటీ ట్రాఫిక్‌లో నలిగేవాళ్ళు మొహమాటం లేకుండా ఆటోమేటిక్ తీసుకోండి. పాత ఎడ్యుకేషన్ లోన్ ఇంకా కడుతూ, వీకెండ్‌కి ఊరెళ్ళడానికి ఒకే ఒక్క సరదా కారు కొనాలనుకుంటున్న నాలాంటివాళ్ళు మాత్రం మాన్యువల్ తీసుకోండి. డీసీటీ ఎన్ని లక్షల కిలోమీటర్లు నడిపినా గేర్ల విషయంలో మొదటి రోజు చేసిందే చేస్తుంది. మాన్యువల్‌లో మొదటి నెల మీరు, ఆరో నెల మీరు ఒకే డ్రైవర్ కాదు. కారుకి అప్‌డేట్ రాదు, మీకు వస్తుంది.

కొనే ఆలోచన ఇప్పట్లో లేకపోయినా పర్లేదు. ఇంట్లో ఉన్న పాత 5 స్పీడ్ కారు తాళాలు తీసుకోండి, ఖాళీ రోడ్డు చూసుకోండి, 4 నుంచి 3కి ఒక్క డౌన్‌షిఫ్ట్ కుదుపు లేకుండా ప్రయత్నించండి. పక్కన ఒక పాత లారీ డ్రైవర్ కూర్చుంటే ఇంకా మంచిది.